నిద్రపోవడం తెలిసిన డ్రైవ్ కోసం: చెల్లి ల్యాప్‌టాప్ ప్రాజెక్టు డైరీ

జూన్ 8, 2024, శనివారం

చెల్లి నిన్న రాత్రి ఉట్నూరు నుంచి వచ్చింది. బ్యాగు దించీ దించగానే ల్యాప్‌టాప్ తీసి నా ముందు పెట్టింది. "అక్కా, అవ్వ కథ నడిమిట్ల ఉండంగనే ఛార్జింగ్ ఒడిసి బందయింది. ఈ నెలల మూడుసార్లు అట్లనే అయింది. ఆమె మళ్ల మొదటికెల్లి చెప్పదు గద" అంది.

తను కొలామీ భాష మీద పరిశోధన చేస్తోంది. ఆదిలాబాద్ వైపు కొలాం గూడేల్లో పెద్దవాళ్లు చెప్పే కథల్ని రికార్డర్‌లో పట్టుకుని, తర్వాత వాళ్ల పక్కనే కూర్చుని ఒక్కో వాక్యం తిరిగి వినిపిస్తూ మాటకు మాట రాసుకుంటుంది. ఇంటికొచ్చి తీరిగ్గా రాసుకుందామంటే కుదరదు. ఏ మాట ఎక్కడ తెగుతుందో, ఏది దేనికి ముద్దుపేరో చెప్పాలంటే ఆ కథ చెప్పిన మనిషే పక్కన ఉండాలి. గూడెంలో కరెంటు లేక కాదు. కథ నడిచేది ఇప్పచెట్టు కింద. ఎనభై ఏళ్ల మనిషిని ప్లగ్గు దగ్గరికి లేపుకుపోలేం.

యంత్రం 2018లో కొన్నది. 15.6 అంగుళాల తెర, ఐ5-8250యూ ప్రాసెసర్, 8 జీబీ మెమరీ, 1 టీబీ హార్డ్ డిస్క్ (నిమిషానికి 5,400 చుట్లు తిరిగే రకం). దీని మీద ఉబుంటు 24.04 (ఒక రకం లినక్స్) నడుస్తోంది. బ్యాటరీ కొత్తలో 42 వాట్-అవర్లు. ఇప్పుడు నిండా ఛార్జ్ చేస్తే 34 చూపిస్తోంది. తను వాడే ప్రధాన సాఫ్ట్‌వేర్ ఎలాన్, భాషా పరిశోధకులు ఆడియోను ముక్కలు చేసి పక్కన రాసుకోవడానికి వాడేది.

అనుకున్నది ఇదీ: ఒక్క ఛార్జ్‌తో చెల్లి పనిచేయగలిగే సమయాన్ని కనీసం ఒక గంట పెంచాలి. ఖర్చు ఐదు వేలు దాటకూడదు. తను 24న మళ్లీ వెళ్తుంది. ముందు డ్రైవ్ (ఫైళ్లు దాచే హార్డ్ డిస్క్) మీదే చేయి వేస్తున్నాను, ఎందుకంటే ఈ యంత్రంలో పగలంతా తిరుగుతూ ఉండే వస్తువు అదొక్కటే. అడుగున ఎం.2 స్లాట్ (చిన్న పట్టీలాంటి కొత్తరకం డ్రైవ్ పెట్టే చోటు) ఒకటి ఖాళీగా ఉందని కూడా నాకు తెలుసు.

జూన్ 9, ఆదివారం

ఏం మార్చే ముందైనా కొలవాలి. ఛార్జర్ తీసేసి, వెలుగు 40 శాతంలో పెట్టి, వైఫై, బ్లూటూత్ ఆపేశాను. మొదటి పది నిమిషాల లెక్కలు పారేశాను, ఎందుకంటే ఛార్జర్ తీసిన వెంటనే బ్యాటరీ లోపలి మీటరు ఇంకా పాత అంకెలే చెబుతూ ఉంటుంది. తర్వాత పదిహేను నిమిషాల పాటు పది సెకన్లకొకసారి చదివి సగటు తీశాను. కొన్ని ల్యాప్‌టాపులు వాట్లు నేరుగా చెబుతాయి. మాది చెప్పదు, కరెంటునూ వోల్టేజీనీ విడివిడిగా ఇస్తుంది, గుణించుకోవాలి.

ప్రతి కొలతా మూడుసార్లు తీశాను. ఒకే స్థితిలో కూడా 0.15 వాట్ల దాకా అటూ ఇటూ ఊగుతోంది. కాబట్టి ఈ డైరీలో 0.2 వాట్ల లోపు తేడాను తేడాగా లెక్కపెట్టను.

ఫైలు తెరిచి ఊరికే చూస్తూ కూర్చుంటే 7.6 వాట్లు. ఎలాన్‌లో ఆడియో వినిపిస్తూ, ఆపుతూ, రాస్తూ ఉంటే 9.1 వాట్లు. 34ను 9.1తో భాగిస్తే మూడు గంటల నలభై నాలుగు నిమిషాలు. చెల్లి చెప్పిన "మూడున్నర, మస్తయితే మూడూ ముప్పావు" దీనికి సరిగ్గా సరిపోయింది. కొలత నమ్మదగ్గదే అన్నమాట.

సాయంత్రం హార్డ్ డిస్క్‌ను నిద్రపుచ్చి చూశాను. లోపల తిరిగే పళ్లేలు ఆగిపోయాక 7.6 కాస్తా 6.9 అయింది. అంటే ఊరికే తిరుగుతూ ఉండటానికే 0.7 వాట్లు తింటోంది. ఎలాన్‌లో మాత్రం ఈ లాభం నిలవలేదు. తను ఐదు నిమిషాలకొకసారి తనంతట తనే సేవ్ అయ్యేలా పెట్టుకుంది, పెట్టుకోవాలి కూడా. ఐదు నిమిషాలకు ఆ సేవ్ రాగానే డిస్క్ లేస్తుంది. చెయ్యి ఆనించే చోట చెవి పెట్టి విన్నాను: ముందు చిన్న టక్కు, తర్వాత కింది నుంచి పైకెక్కే గీ అనే మోత, మళ్లీ ఇంకో టక్కు. పళ్లేల్ని ఆగిన స్థితి నుంచి పూర్తి వేగానికి తేవడానికి ఇలాంటి డిస్కులు కొన్ని సెకన్ల పాటు 5 వోల్టుల లైను మీద దాదాపు ఒక ఆంపియర్ లాగుతాయి. పైగా చెల్లి దీన్ని బండి మీద పెట్టుకుని గతుకుల దారిలో పోతుంది. ఆ మోత విన్నాక, దీన్ని బయటికి తీయాలన్న ఆలోచన బ్యాటరీని దాటి పోయింది. ఆ డిస్క్‌లో మరొకచోట ఎక్కడా లేని మాటలు ఉన్నాయి.

రాత్రి కూర్చుని మొత్తం రెండు కాపీలు తీశాను. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో రికార్డింగ్ గంటకు ఒక జీబీ పైచిలుకు వస్తుంది. మూడేళ్ల పని కలిపినా 190 జీబీ దాటలేదు. 500 జీబీ డ్రైవ్ బోలెడు.

జూన్ 11, మంగళవారం

కొనేముందు కాగితం మీద లెక్క. డ్రైవ్ పెట్టెల మీదా ప్రకటనల్లోనూ కనిపించేవి రెండే: వేగం, గరిష్ఠ వాట్లు. నాకు కావాల్సింది ఈ రెండూ కాదని అనుమానం, దాన్ని అంకెల్లో చూసుకోవాలి.

రోజు పని ముగిశాక 20 జీబీ కాపీ చేస్తుందనుకుందాం. హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చొప్పున 200 సెకన్లు, 2 వాట్ల చొప్పున 400 జౌళ్లు. సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డ్రైవ్, హార్డ్ డిస్క్ వాడే సాటా దారినే వాడేది) 45 సెకన్లు, రెండున్నర వాట్ల చొప్పున 110 జౌళ్లు. ఎం.2 స్లాట్‌లో పెట్టే వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ 6 వాట్లు తాగినా పది సెకన్లలో ముగిస్తుంది, 60 జౌళ్లు. ఒక వాట్-అవర్ అంటే 3,600 జౌళ్లు. అంటే అన్నిటికంటే ఎక్కువ తినే హార్డ్ డిస్క్ కూడా ఈ మొత్తం పనికి 0.11 వాట్-అవర్ తింటుంది. 34లో అదెంత?

ఇప్పుడు రెండోవైపు. డ్రైవ్ ఊరికే ఉన్నప్పుడు ఒక వాటు ఎక్కువ లాగితే, ఐదు గంటలకు ఐదు వాట్-అవర్లు. కాపీ ఖర్చుకు నలభై ఐదు రెట్లు. చెల్లి పనిలో డ్రైవ్ నిజంగా చదివే, రాసే సమయం గంటకు ఒక నిమిషం కూడా ఉండదు. రికార్డింగ్‌ను ఒకసారి చదివాక అది మెమరీలోనే ఉంటుంది. మిగతా యాభై తొమ్మిది నిమిషాలూ డ్రైవ్ ఏం చేస్తోందన్నదే అసలు ప్రశ్న. గరిష్ఠంగా 5 వాట్లా 8 వాట్లా అన్నది వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ముఖ్యం. కథ వింటూ రాసుకునే మనిషికి కావాల్సింది తొందరగా, గాఢంగా నిద్రపోయి, పిలవగానే లేచే డ్రైవ్.

జూన్ 15, శనివారం

డబ్బు పెట్టేముందు ఇంట్లో ఉన్నదాంతో ప్రయత్నం. సొరుగులో పాత 240 జీబీ, 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ ఉంది. హార్డ్ డిస్క్ నుంచి సిస్టమ్‌ను అలాగే దీనిలోకి దింపాను. రికార్డింగుల్లో ఈ నెలవి మాత్రమే పెట్టాను.

ల్యాప్‌టాప్ విప్పడం గురించి ఒక మాట. అడుగు మూత స్క్రూలన్నీ తీశాక కూడా క్లిప్పులు పట్టుకుని ఉంటాయి. స్క్రూడ్రైవర్ దూర్చొద్దు, ప్లాస్టిక్ అంచు తెల్లగా పగులుతుంది. పాత ఏటీఎం కార్డు మూల నుంచి జరిపితే టపటపమని ఒకదాని వెంట ఒకటి వదులుతాయి. లోపలికి చేరగానే మొదట చేయాల్సిన పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం.

పెట్టి, మూసి, కొలిచాను. 7.1 వాట్లు.

తిరిగే పళ్లెం లేదు, మోటారు లేదు, తగ్గింది మాత్రం అర వాటు. నిద్రపుచ్చిన హార్డ్ డిస్కే 6.9 ఇచ్చింది కదా! చాలాసేపు కొలత తప్పనుకుని మళ్లీ మళ్లీ తీశాను. అదే అంకె.

పవర్‌టాప్ అనే విద్యుత్ వాడకం చూపించే సాఫ్ట్‌వేర్ తెరిచి ప్రాసెసర్ ఎంత లోతుగా నిద్రపోతోందో చూశాను. ఇక్కడ దొరికింది. ఒక్కో కోర్ బాగానే నిద్రపోతోంది, ప్రాసెసర్ ప్యాకేజీ మొత్తంగా మాత్రం పీసీ3 అనే మెట్టు దగ్గర ఆగిపోతోంది. అంతకంటే లోతైన పీసీ8 దగ్గర సున్నా. ఎవరో ఒకరు ఇంట్లో మేలుకుని ఉంటే వీధి దీపం ఆర్పనట్టు, ఏదో ఒక భాగం మెలకువగా ఉండి మిగతా అన్నిటినీ మెలకువగా ఉంచుతోంది.

ఆ ఒక్కటీ సాటా లింకు. ఎస్ఎస్‌డీకీ మదర్‌బోర్డుకీ మధ్య ఉండే ఈ దారికి కూడా నిద్ర మెట్లున్నాయి. పార్షియల్ అంటే కునుకు, పది మైక్రోసెకన్లలో లేస్తుంది. స్లంబర్ అంటే అసలు నిద్ర, లేవడానికి పది మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. దాని కింద డెవ్‌స్లీప్ ఉంది, అందులో డ్రైవ్ కొన్ని మిల్లీవాట్లకు దిగిపోతుంది. లింకు స్లంబర్‌లోకి పోకపోతే ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు లోతైన ప్యాకేజీ స్థితులకు దిగవు. హాస్‌వెల్ అనే పాత ప్రాసెసర్ తరం నుంచీ ఇదే తీరు.

మరి ఎందుకు పోవడం లేదు? టీఎల్‌పీ (లినక్స్‌లో బ్యాటరీ పొదుపు చూసుకునే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల ఫైలు తెరిస్తే బ్యాటరీ మీద ఉన్నప్పుడు కూడా లింకు గరిష్ఠ పనితీరులోనే ఉండాలని రాసి ఉంది. రాసింది నేనే. రెండేళ్ల కిందట ఆ హార్డ్ డిస్క్ మధ్యమధ్యలో తెగిపోతుంటే, కారణం కేబుల్ అని తేలకముందు, దీన్ని మార్చి మర్చిపోయాను. డిస్క్‌ను ఉన్నదున్నట్టు దింపుకున్నాను కాబట్టి ఆ గీత కూడా ఎస్ఎస్‌డీలోకి వచ్చేసింది. రెండేళ్లుగా చెల్లి బ్యాటరీ అక్కడ కారిపోతోంది. ఇది తలచుకుంటే బాధేసింది.

దాన్ని మధ్యస్థ పొదుపు, డ్రైవ్ తానుగా నిద్రకు అడగొచ్చు అనే విధానానికి మార్చాను. ఇది లినక్స్ కెర్నెల్ (సిస్టమ్ మూల భాగం) 4.15తో 2018లో వచ్చింది, అదే ఏడు ఫెడోరా 28 అనే మరో లినక్స్ దీన్ని డిఫాల్ట్ చేసింది. అంతకుముందు ఉన్న కనిష్ఠ విద్యుత్ విధానం ఇంకా గట్టిది, కానీ కొన్ని డ్రైవుల్లో దానివల్ల డేటా చెడిపోయిన సందర్భాలున్నాయి. అందుకే దాని జోలికి పోలేదు. చెల్లి రికార్డింగుల మీద నేను ఆ ప్రయోగం చేయను.

రీబూట్. పది నిమిషాలు ఆగి చదివాను. 5.9 వాట్లు. పీసీ8లో అరవై శాతం పైనే గడుపుతోంది.

ఒక్క గీత మారిస్తే 1.2 వాట్లు. ఇది డ్రైవ్ ఒక్కటే ఆదా చేసిన కరెంటు కాదు. అది పడుకుంది కాబట్టి పడుకోగలిగిన వాళ్లందరిదీ. డ్రైవ్ ఎంచుకోవడాన్ని నేను ఇప్పటిదాకా చూసిన తీరే తప్పని ఈ సాయంత్రం అర్థమైంది. డ్రైవ్ ఎంత తింటుందన్నది చిన్న లెక్క, అది పక్కవాళ్లను పడుకోనిస్తుందా అన్నదే పెద్ద లెక్క.

జూన్ 16, ఆదివారం

240 జీబీ చెల్లికి సరిపోదు, పైగా ఈ ఎస్ఎస్‌డీ ముసలిది. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక స్నేహితుడి పని ఉంటే నిన్ననే అటు వెళ్లి అడిగొచ్చాను. కౌంటర్‌లో అబ్బాయి మంచివాడు, ఓపిగ్గా చూపించాడు. "మేడమ్, జెన్ ఫోర్ తీస్కోండ్రి. సెకనుకు ఏడు వేల ఎంబీ కొడ్తది." ఈ యంత్రం స్లాట్ అంతకుముందు తరం జెన్3, ఏడు వేలు రావు, వచ్చినా మాకు పనికిరావు. "ఐడిల్‌లో ఎన్ని మిల్లీవాట్లు?" అనడిగితే పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని మీద ఉండదు, అతని తప్పేం లేదు.

ఉండేది డ్రైవ్ లోపల. ఎన్‌వీఎంఈ డ్రైవ్ ప్రతిదీ తన విద్యుత్ స్థితుల పట్టికను తనే చెబుతుంది. లినక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో అడిగితే పీఎస్0 నుంచి మొదలై వరసగా వస్తాయి. ప్లస్ గుర్తున్నవి పనిచేయగల స్థితులు, మైనస్ గుర్తున్నవి నిద్ర స్థితులు. చివరి రెండు నిలువు వరసలు ఆ స్థితిలోకి దిగడానికీ, అందులోంచి లేవడానికీ పట్టే మైక్రోసెకన్లు. పీఎస్0 పక్కన ఆరో ఏడో వాట్లు చూసి భయపడక్కర్లేదు, అది గరిష్ఠం. చూడాల్సింది మైనస్ గుర్తున్న కింది రెండు గీతలే.

ఎప్పుడు ఏ మెట్టు దిగాలో డ్రైవ్ తనంతట తనే చూసుకునే ఏర్పాటు పేరు ఏపీఎస్‌టీ. లినక్స్‌లో ఇది 2017లో 4.11 కెర్నెల్‌తో వచ్చింది. దీనికి తోడు ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ను మదర్‌బోర్డుతో కలిపే పీసీఐఈ దారికి దాని నిద్ర దానికుంది: ఏఎస్‌పీఎం, అందులో అన్నిటికంటే లోతైనది ఎల్1.2. డ్రైవ్ పడుకున్నా దారి మెలకువగా ఉంటే నిన్నటి కథే మళ్లీ. రెండూ చూసుకోవాలి.

ఆఫీసులో ఒకాయన దగ్గర వాడకుండా పడున్న ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఉందట. కొనేముందు ఈ స్లాట్ ఎలా ప్రవర్తిస్తుందో చూడటానికి అడిగి తెచ్చుకున్నాను. చవకరకం. పట్టికలో పీఎస్4 దగ్గర 5 మిల్లీవాట్లు అని రాసుంది. కాగితం మీద ఏ ఖరీదైన డ్రైవ్‌కూ తీసిపోదు.

జూన్ 19, బుధవారం

తెచ్చుకున్న డ్రైవ్‌లో చెల్లి డేటా ఏదీ పెట్టకుండా, ఉత్త సిస్టమ్ మాత్రం ఎక్కించాను. ఇది మంచి పని అయింది.

మొదట 5.8 వాట్లు చూపించింది. సంతోషించాను. రెండు గంటలు కూడా గడవకముందే, ఏమీ చేయకుండా వదిలేసిన తెర మీద మౌస్ కదులుతోంది గానీ ఏదీ తెరుచుకోవడం లేదు. ఫైలు సేవ్ చేయబోతే రీడ్-ఓన్లీ అంది. లాగ్‌లో చూస్తే "కంట్రోలర్ ఈజ్ డౌన్, విల్ రీసెట్" అన్న గీత, దాని కింద వరసగా చదవలేకపోయిన బ్లాకుల నంబర్లు. పడుకుంది, పిలిస్తే లేవలేదు.

ఇంకో రెండుసార్లు ఇలాగే చేశాక కెర్నెల్‌కు ఒక హద్దు పెట్టాను: లేవడానికి ఎక్కువ సమయం పట్టే నిద్ర స్థితిలోకి పంపొద్దని. అప్పుడు పీఎస్3 దగ్గరే ఆగుతుంది. 6.0 వాట్లు, ఒక రాత్రంతా నిలకడగా ఉంది. ఏపీఎస్‌టీ పూర్తిగా ఆపేసి కూడా కొలిచాను: 7.0. అంటే ఒక్క మెట్టు తగ్గించుకుంటే పోయేది 0.2, అసలు నిద్రే లేకపోతే పోయేది 1.2. ఇలాంటి డ్రైవ్ చేతిలో ఉండి వేధిస్తుంటే ఏపీఎస్‌టీని పూర్తిగా ఆపేయమని చాలామంది సలహా ఇస్తుంటారు. తొందరపడొద్దు. ఆఖరి మెట్టు ఒక్కటి మూసి చూడండి, చాలాసార్లు అంతే చాలు.

ఇంట్లో వాడే యంత్రమైతే ఇలా సర్దుకుని వాడుకోవచ్చు. గూడెంలో ల్యాప్‌టాప్ బిగుసుకుపోతే చెల్లి చేయగలిగింది ఏమీ లేదు. ఆ డ్రైవ్‌ను తిరిగిచ్చేశాను, ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాను.

ఒకే పట్టిక, ఒకే 5 మిల్లీవాట్లు. నిద్రలోంచి లేవడం మాత్రం పట్టిక చెప్పదు, పరీక్షిస్తేనే తెలుస్తుంది.

జూన్ 20, గురువారం

కొన్నాను. శాంసంగ్ 980, 500 జీబీ, నాలుగు వేల పైచిలుకు. 2021లో వచ్చిన మోడల్, జెన్3. సొంత డీర్యామ్ (డ్రైవ్ లోపలి చిన్న మెమరీ) లేదు, ఏ డేటా ఎక్కడుందో చెప్పే పట్టికల కోసం ల్యాప్‌టాప్ మెమరీలోంచి కాస్త వాడుకుంటుంది. డీర్యామ్ లేదన్న సంగతి చాలామంది లోపంగా చెబుతారు. రోజంతా రాసే సర్వర్‌కు లోపమే. మాకు కాదు.

పట్టిక: పీఎస్0 5.24 వాట్లు, పీఎస్1 4.49, పీఎస్2 2.19. తర్వాత మైనస్ గుర్తుతో పీఎస్3 50 మిల్లీవాట్లు, పీఎస్4 5 మిల్లీవాట్లు. పీఎస్4 నుంచి లేవడానికి 9,000 మైక్రోసెకన్లు, అంటే తొమ్మిది మిల్లీసెకన్లు. ఎలాన్‌లో ప్లే నొక్కినప్పుడు ఆ ఆలస్యం మనిషికి తెలియదు.

స్లాట్‌లో పెట్టేటప్పుడు కొంచెం వాలుగా, ముప్పై డిగ్రీల్లో దూర్చి, బంగారు పళ్లు పూర్తిగా లోపలికి పోయాయో లేదో చూసి, అప్పుడు రెండో కొస కిందికి నొక్కాలి. నొక్కి పట్టుకున్నాక గుర్తొచ్చింది, ఖాళీ స్లాట్‌తో స్క్రూ ఇవ్వలేదని. రెండు మిల్లీమీటర్ల మందం, మూడు మిల్లీమీటర్ల పొడవుండే చిన్న స్క్రూ. తిరిగిచ్చేసిన డ్రైవ్‌ను మూడు రోజులు టేపుతో అంటించి నడిపాను, దీన్ని అలా పంపలేను. వీధి చివర మొబైల్ రిపేర్ షాపాయన డబ్బాలో వెతికి మూడు స్క్రూలు చేతిలో పెట్టి డబ్బులు వద్దన్నాడు.

హార్డ్ డిస్క్‌ను తీసేసి యూఎస్‌బీ పెట్టెలో పెట్టాను. లోపలే ఉంచి ఎక్కువ స్థలం వాడుకోవచ్చు కదా అని చెల్లి అడిగింది. వద్దన్నాను. అది ఇంట్లో బ్యాకప్‌గా ఉంటుంది, అడవిలో తిరగదు.

రాత్రి నుంచి పరీక్ష నడుస్తోంది. ఒక సెకను నుంచి మూడు నిమిషాల దాకా ఏదో ఒక విరామం, ఆ తర్వాత చిన్న ఫైలు రాసి, మెమరీ కాపీ వదిలేసి డ్రైవ్ నుంచే తిరిగి చదివి సరిపోల్చడం. చిన్న స్క్రిప్టు. రెండు రోజులు ఆపను.

జూన్ 22, శనివారం

పరీక్ష మొత్తం గడిచింది. ఒక్క తప్పు లేదు, లాగ్‌లో డ్రైవ్ గురించి ఒక్క ఫిర్యాదు గీత లేదు. లింకు ఎల్1.2కి దిగుతోంది. పీసీ8 కనిపిస్తోంది.

ఊరికే ఉన్నప్పుడు 5.8 వాట్లు. పాత సాటా ఎస్ఎస్‌డీ ఇచ్చిన 5.9కి ఇది నేను పెట్టుకున్న హద్దు లోపలి తేడా, కాబట్టి రెండూ సమానమే. ఇది రాసి తీరాలి: సరిగ్గా నిద్రపోతున్న సాటా ఎస్ఎస్‌డీ మీ దగ్గర ఇప్పటికే ఉంటే, బ్యాటరీ కోసం ఎన్‌వీఎంఈ కొనకండి. స్థలం కోసమో వేగం కోసమో కొనండి. మేం కొన్నది 240 జీబీ చాలక, ఆ డ్రైవ్ వయసు చూసి.

ఎలాన్‌లో పనిచేస్తూ 7.2 వాట్లు. మొదట 9.1. అంటే నాలుగు గంటల నలభై మూడు నిమిషాలు. గంటకు ఒక్క నిమిషం తక్కువ!

ఇంకో కొలత, మూత మూసి ఒక రాత్రి ఎనిమిది గంటలు. చెల్లి గూడెం నుంచి గూడేనికి పోతూ మూత మూస్తుంది, ఆపదు. ఈ యంత్రంలో రెండు రకాల సస్పెండ్ ఉంది. ఒకటి పాత ఎస్3, అందులో డ్రైవ్‌కు కరెంటే ఆగిపోతుంది. రెండోది కొత్త రకం తేలిక నిద్ర, అందులో డ్రైవ్ తన మంచితనం కొద్దీ నిద్రపోవాలి. ఎస్3లో ఆరు శాతం పోయింది. తేలిక నిద్రలో, మొన్న ఆ అరువు డ్రైవ్‌తో ఏపీఎస్‌టీ ఆపేసి ఉన్న రాత్రి, ముప్పై ఒక్క శాతం పోయింది. ఎస్3నే ఖాయం చేశాను. 2020 తర్వాతి యంత్రాల్లో చాలావాటికి ఎస్3 ఉండదు. అవి కొనేవాళ్లకు డ్రైవ్ నిద్ర ఇంకా ముఖ్యం.

ఫైల్‌సిస్టమ్ రాతల్ని ఐదు సెకన్ల నుంచి నిమిషానికి పెంచే కిటుకు ఒకటి ఉంది. హార్డ్ డిస్క్ రోజుల్లో అది లాభమే. ఎస్ఎస్‌డీకి ఐదు సెకన్లకొకసారి లేచి మిల్లీసెకన్లలో పడుకోవడం లెక్కలోకే రాదు, ఇటేమో కరెంటు పోతే ఒక నిమిషం పని పోతుంది. ముట్టుకోలేదు.

జూన్ 23, ఆదివారం

రేపు ప్రయాణం. బ్యాటరీ మార్చడం గురించి చెల్లితో మాట్లాడాను. కొత్త బ్యాటరీ వేస్తే 34 మళ్లీ 42 అవుతుంది, దాదాపు డ్రైవ్ మార్పు ఇచ్చినంత లాభం. మొదట అదే చేసి ఉండొచ్చు. కానీ ఇంత పాత మోడల్‌కు అసలు బ్యాటరీ దొరకడం లేదు, దొరికేవి ఎవరు చేశారో తెలియనివి. అలాంటిది బ్యాగులో పెట్టి పంపడానికి మనసొప్పలేదు. అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఆర్డర్ ఇచ్చి ఉంచాను, వచ్చినప్పుడు వస్తుంది.

వెలుగు 40 కాక 30 పెట్టుకోమని చెప్పాను. ఇప్పచెట్టు నీడలో సరిపోతుందట.

జూలై 14, ఆదివారం

చెల్లి దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్. వెనక వాన చప్పుడు, ఎవరివో కోళ్లు.

"అక్కా, పొద్దుగాల పదింటికి కూసున్నం. అవ్వ నడుమ ఒకసారి లేచి తిని వచ్చింది, మూత మూసి పెట్టిన. మూడుంబావుకు కథ ఒడిసింది. పన్నెండు శాతం ఉన్నది ఇంకా. ఆఖర్ల పాట కూడ ఉన్నదే, అది పోయినసారి దాక ఎవ్వలం వినలే. నాలుగు సార్లు తిప్పి తిప్పి రాసుకున్న."

భోజనానికి మూసిన అరగంట పోగా, నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలు. ఇంకా పన్నెండు శాతం ఉంది కాబట్టి అడవిలో 7.2 కంటే తక్కువే లాగింది. వెలుగు తగ్గించడం వల్ల కావచ్చు. తను వచ్చినప్పుడు 30 శాతం వెలుగుతో మళ్లీ కొలవాలి. నిద్ర లెక్కలు కూడా ఒకసారి చూడాలి: డ్రైవ్ ఎన్నిసార్లు అనుకోకుండా ఆగిందో స్మార్ట్ సమాచారంలో (డ్రైవ్ తన గురించి తనే రాసుకునే లెక్కల్లో) ఉంటుంది, వెళ్లేటప్పుడు ఆ అంకె 4 దగ్గర ఉంది.

పాట ముక్క కూడా పంపింది. రెండు నిమిషాలు. ఇందాకట్నుంచి వింటున్నాను.